గోల్ పోస్టులు లేని కాలేజీలో ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టు

ప్రశ్న

అనంతపురంలోని ఒక ప్రైవేటు మహిళా డిగ్రీ కళాశాలలో ఫిజికల్ డైరెక్టరుగా పనిచేస్తున్న పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. ఆమెకు ముప్పై రెండేళ్లు. చదువుకునే రోజుల్లో విశ్వవిద్యాలయ ఫుట్‌బాల్ జట్టులో ఆడారు. ఉద్యోగం ఒప్పంద పద్ధతిలోనిది, ఏటా జూన్‌లో పొడిగిస్తారు. ఇంతకాలం ఆ కాలేజీలో కబడ్డీ, ఖో ఖో, వార్షికోత్సవం నాటి పరుగు పందేలు తప్ప వేరే ఆట లేదు. ఫుట్‌బాల్ జట్టు పెడతానని ఈ ఏడాది ఆమె అడిగితే ప్రిన్సిపాల్ ఒప్పుకున్నారు, ఒక షరతు మీద. దసరా తర్వాత జరిగే అంతర కళాశాలల పోటీల్లో ఆడాలి, ఏదో ఒక కప్పు తేవాలి, కాలేజీల నాణ్యతను పరిశీలించి గ్రేడు ఇచ్చే న్యాక్ బృందం వచ్చేనాటికి చూపించడానికి ఏదైనా ఉండాలి.

మొదటి వారం ఇరవై ఆరుగురు అమ్మాయిలు పేర్లిచ్చారు. ఇప్పుడు వస్తున్నది పదమూడు మంది. వారిలో ఇంతకుముందు ఫుట్‌బాల్ ఆడినవారు ఇద్దరే. మిగిలినవారు కబడ్డీ, ఖో ఖో నుంచి వచ్చినవారు. మైదానం పక్కనున్న అబ్బాయిల కాలేజీది. సాయంత్రమైతే అక్కడ క్రికెట్ నడుస్తుంది. గోల్ పోస్టులు లేక ఇటుకలు పెట్టుకుని ఆడుతున్నారు. పొద్దున ఆరింటికి సాధన పెడితే హాస్టల్ పిల్లలు మాత్రమే రాగలరు. సాయంత్రం పెడితే ఉరవకొండ, కళ్యాణదుర్గం వైపు నుంచి వచ్చే పిల్లలకు బస్సు తప్పిపోతుంది. ఒకరోజు సాధన మధ్యలో ఒక అమ్మాయి కళ్లు తిరిగి పడిపోయింది. ఆ మర్నాటి నుంచి ఒకరి తర్వాత ఒకరు మానేయడం మొదలుపెట్టారు. "ఇది ఆడపిల్లల ఒంటికి పడే ఆట కాదని నేను ముందే చెప్పాను" అని సీనియర్ అధ్యాపకురాలు ఒకరు స్టాఫ్ రూములో అందరి ముందూ అన్నారు.

జట్టులో అందరికంటే బాగా ఆడే అమ్మాయి రెండో సంవత్సరం చదువుతోంది. పంతొమ్మిదేళ్లు. తండ్రి సంబంధం చూసి, ఆటలు మానేయమన్నాడు. "మేడమ్, మీరొకసారి మా ఊరికి వచ్చి నాన్నతో మాట్లాడండి" అని ఆ పిల్ల అడుగుతోంది. ఇంతలో యాజమాన్యానికి దగ్గరి వ్యక్తి ఒకరు ఒక దారి చూపించారు. బాగా ఆడే అమ్మాయిలు ముగ్గురు ఉన్నారు, ఫీజు లేకుండా చేర్చుకుంటే చాలు, తరగతులకు రాకపోయినా హాజరు సంగతి తాను చూసుకుంటాను, కప్పు ఖాయం అన్నారు. ఇంట్లో నాలుగేళ్ల బాబు. ఈ జీతానికి పొద్దున ఐదింటికే ఇల్లు వదిలి వెళ్లడమెందుకని భర్త, అత్తగారు అడుగుతున్నారు.

"సగం నేర్చిన జట్టుతో వెళ్లి ఎనిమిది గోల్స్ తేడాతో ఓడిపోతే వచ్చే ఏడాది జట్టూ ఉండదు, నేనూ ఉండను. వెళ్లకపోతే మాట తప్పినదాన్నవుతాను. ఆ ముగ్గురినీ తీసుకుంటే గెలుస్తాం. కానీ ఎండలో నాతోపాటు నిలబడిన ఈ పదమూడు మందికి ఏం చెప్పాలి?" అని ఆమె అడుగుతున్నారు. ఉత్తరం చివర మరో మాట: జట్టులో ఇద్దరు ముస్లిం అమ్మాయిలు తలకు వస్త్రం కట్టుకునే ఆడతామంటున్నారు, దానికి నిబంధనలు ఒప్పుకుంటాయా?

జవాబు

మీ ఉత్తరంలో అమ్మాయిల పేర్లు లేవు. కానీ ఎవరు ఏ ఊరి నుంచి వస్తారో, ఎవరు ఏ బస్సుకు వెళ్లాలో, ఎవరి ఎడమకాలికి బలం ఎక్కువో అన్నీ ఉన్నాయి. పిల్లల గురించి ఇంత తెలిసిన మీరు ఈ జట్టును అంత సులువుగా వదిలేయగలరని నాకు అనిపించడం లేదు. అయినా వదిలేయడం కూడా ఒక దారే. దాని గురించి తర్వాత మాట్లాడతాను.

ముందు ఒక చిక్కు విప్పుదాం. ఈ ఏడాది కప్పు, అమ్మాయిల జట్టు, జూన్‌లో మీ ఉద్యోగం పొడిగింపు, ఈ మూడూ మీ మనసులో ఒకటైపోయాయి. కప్పు ప్రిన్సిపాల్ గారి అవసరం. జట్టు అమ్మాయిలది. పొడిగింపు మీది. కప్పు రాకపోతే జట్టు పోతుందని, జట్టు పోతే ఉద్యోగం పోతుందని మీరు అనుకుంటున్నారు. ప్రిన్సిపాల్ గారు ఆ మాట అన్నట్టు మాత్రం ఉత్తరంలో ఎక్కడా లేదు. ఆయనకు కావలసినది న్యాక్ వారికి చూపించడానికి ఏదైనా. కొన్నేళ్లుగా న్యాక్ అడుగుతున్న వివరాల్లో పతకాలకు చోటున్నట్టే, విద్యార్థులు పాల్గొన్న పోటీలకూ చోటుంది. కాలేజీ చరిత్రలో మొదటిసారి అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టు విశ్వవిద్యాలయ పోటీల్లో ఆడిందన్నది కాగితం మీద పెట్టదగిన విషయమే. ఈ మాటను ఆయన ముందు మీరే పెట్టాలి. ఆయనంతట ఆయనకు తట్టకపోవచ్చు.

మీరు రాయని విషయం ఒకటుంది, నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించేది అదే. ఈ పదమూడు మందిలో మొదటి సంవత్సరం వారెందరు? డిగ్రీ మూడేళ్లలో అయిపోతుంది. కొత్తగా పెట్టిన జట్టు నిలిచిందా లేదా అన్నది మొదటి ఏడాది స్కోరులో కనబడదు. రెండో ఏడాది జూన్‌లో ఎంతమంది తిరిగొచ్చారు, వెంట ఎవరిని తెచ్చారు అన్న దానిలో కనబడుతుంది. పోటీలకు వెళ్లడం, ఆగడం, ఆ ముగ్గురిని చేర్చుకోవడం, ఏ దారినైనా ఈ ప్రశ్నతోనే తూచి చూడండి: దీనివల్ల వచ్చే ఏడాది మైదానానికి వచ్చేవారు పెరుగుతారా, తగ్గుతారా?

ఈ ఏడాదే పోటీలకు వెళ్తే ఏమవుతుంది? పదమూడు మంది చాలు. నిబంధనల ప్రకారం ఒక జట్టులో ఏడుగురికి తక్కువైతేనే ఆట మొదలుపెట్టరు. కానీ బెంచీ మీద ఇద్దరే ఉంటారు కాబట్టి ఒకరికి మడమ బెణికి, మరొకరికి జ్వరం వస్తే అలసిన కాళ్లతోనే చివరిదాకా ఆడాల్సి వస్తుంది. దెబ్బలు తగిలేది అలాంటప్పుడే. ఘోరంగా ఓడిపోయే అవకాశం ఉంది, దాన్ని దాచడం వల్ల లాభం లేదు. కానీ ఈ అమ్మాయిల్లో చాలామంది ఇంతవరకు సున్నం గీతలు గీసిన పూర్తి మైదానంలో, రిఫరీ ఈల వింటూ ఆడినవారు కారు. తమలాంటి అమ్మాయిలు మరో కాలేజీ నుంచి వచ్చి ఎలా ఆడుతున్నారో చూసినవారూ కారు. అది చూశాక సాధనలో వచ్చే మార్పు మీకు నాకంటే బాగా తెలుసు. ఓటమి వారిని కుంగదీస్తుందా లేదా అన్నది చాలావరకు బయలుదేరే ముందు మీరు చెప్పే మాటల మీద ఆధారపడుతుంది. గెలవాలని తీసుకెళ్లి ఓడితే కుంగిపోతారు. మొదటి సగంకంటే రెండో సగంలో తక్కువ గోల్స్ ఇవ్వాలి, మన సగం దాటి వరుసగా నాలుగు పాసులు వేయాలి, పదకొండుమందీ చివరి ఈల దాకా నిలబడాలి అని చెప్పి తీసుకెళ్తే స్కోరు ఎలా ఉన్నా తిరుగు బస్సులో మాట్లాడుకోవడానికి ఏదో ఒకటి మిగులుతుంది.

ఈ ఏడాది ఆగితే? కాళ్లకు బలం వస్తుంది, పాసులు కుదురుతాయి, దెబ్బలు తగ్గుతాయి. కానీ పోటీ లేని సాధనకు ఎనిమిది నెలలపాటు ఎవరొస్తారు? ఊరి నుంచి రెండు బస్సులు మారి వచ్చే పిల్లకు ముందు ఒక తేదీ కనిపించాలి. ప్రిన్సిపాల్ గారి దృష్టి కూడా ఈలోగా వేరే వైపు మళ్లుతుంది. ఆగాలనుకుంటే ఊరికే ఆగకండి, మీ దగ్గరే ఒక చిన్న పోటీ పెట్టండి. సగం మైదానంలో ఏడుగురేసి ఆడే ఆట, రెండు మూడు జట్లు, ఒక ఆదివారం. ఇది మీరు తలచుకుంటే జరిగే పని. మీరున్నది ఫుట్‌బాల్ తెలియని జిల్లా కాదు. 1969లో విన్సెంట్ ఫెర్రర్ గారు మొదలుపెట్టిన స్వచ్ఛంద సంస్థ ఆర్డీటీ గ్రామాల్లో పిల్లలకు ఫుట్‌బాల్ అలవాటు చేసింది. అనంతపురంలో వారి క్రీడాగ్రామం ఉంది. అక్కడ సాధన చేసే అమ్మాయిలతో ఒక స్నేహపూర్వక మ్యాచ్ అడగండి. ఆ పిల్లలు మీవారికంటే వయసులో చిన్నవారైనా మీవారే ఓడిపోవచ్చు. అంతర కళాశాలల పోటీలకు ముందు ఆ ఓటమి చవి చూడటమే మంచిది. నన్నడిగితే, అలాంటి రెండు మ్యాచ్‌లు ఆడించి, పదమూడు మందిలో పదకొండుమందైనా దెబ్బలు లేకుండా నిలబడితే ఈ ఏడాదే వెళ్లమంటాను. ఆ రెండు మ్యాచ్‌లలోనే జట్టు సగానికి పడిపోతే ఆగమంటాను. అయితే మైదానంలో వారిని రోజూ చూస్తున్నది మీరు, నేను కాదు.

ఇక ఆ ముగ్గురు అమ్మాయిల సంగతి. ఇందులో రెండు విషయాలు కలిసిపోయి ఉన్నాయి, విడదీసి చూడండి. బాగా ఆడే అమ్మాయికి ఫీజు తగ్గించి కాలేజీలో చేర్చుకోవడం తప్పు కాదు. ఆ పిల్ల చదువుకోవడానికి వస్తే, తరగతిలో కూర్చుంటే, మీ పదమూడు మందితో కలిసి రోజూ సాధన చేస్తే అంతకంటే కావలసిందేముంది? వారిని చూసే మిగతావారు నేర్చుకుంటారు. తప్పు ఎక్కడుందంటే, రాని మనిషికి హాజరు వేయడంలో ఉంది. విశ్వవిద్యాలయానికి పంపే అర్హత పత్రం మీద ప్రిన్సిపాల్ సంతకం ఉంటుంది, ఆ వివరాలు సరిచూసి ఇచ్చేది మీరే. రేపు ఓడిపోయిన జట్టు ఫిర్యాదు చేస్తే ఆ దారి చూపించిన వ్యక్తి పేరు ఏ కాగితంలోనూ ఉండదు. జట్టును పోటీల నుంచి తప్పిస్తారు, ఒప్పంద ఉద్యోగి కాబట్టి నింద మీ మీదికి రావడం అన్నిటికంటే తేలిక. ఇది బయటి ప్రమాదం. లోపలి నష్టం మరొకటుంది. ఆ ముగ్గురూ వచ్చి నేరుగా పదకొండుమందిలో చేరితే ముగ్గురు మీ పిల్లలు బెంచీ మీదికి వెళ్తారు. కప్పు వస్తుంది. ఆ ముగ్గురు పిల్లలూ వచ్చే ఏడాది రారు. కప్పు తెచ్చినవారు ఎలాగూ ఉండరు.

కాబట్టి ప్రిన్సిపాల్ గారికి వద్దని మాత్రమే చెప్పి ఊరుకోకండి, మరో దారి కూడా చూపించండి. వచ్చే వేసవిలో ఇంటర్ పూర్తిచేసే అమ్మాయిల్లో ఊళ్లలో ఫుట్‌బాల్ ఆడినవారిని ఇప్పటి నుంచే వెతుకుతానని చెప్పండి. డిగ్రీ ప్రవేశాలు ఆన్‌లైన్‌లో జరుగుతాయి, సీటు మీ చేతిలో ఉండదు. కానీ ఫలానా కాలేజీలో అమ్మాయిలకు ఫుట్‌బాల్ జట్టుంది, హాస్టల్ ఉంది, ఆడిన రోజులకు హాజరు ఇస్తారు అని జనవరి, ఫిబ్రవరి నెలల్లోనే ఆ పిల్లల ఇళ్లకు తెలిస్తే వారు మీ కాలేజీని ముందు వరుసలో పెట్టుకుంటారు. ఇంటర్ తర్వాత ఆట ఎక్కడ కొనసాగించాలో తెలియక మానేసే అమ్మాయిలు ఈ జిల్లాలో ఎందరో. వారికి మీ జట్టు అవసరం, మీకు వారి అవసరం.

కళ్లు తిరిగి పడిపోయిన అమ్మాయి గురించి మీరు రెండే వాక్యాలు రాశారు. నాకు మాత్రం ఈ ఉత్తరమంతటిలో అందరికంటే ముందు పట్టించుకోవలసినది ఆ అమ్మాయినే అనిపించింది. మీ జట్టు సగానికి పడిపోవడం మొదలైంది ఆ రోజు తర్వాతే కదా. ఆ పిల్ల ఆరోజు పొద్దున ఏం తిని వచ్చింది? హాస్టల్‌లో టిఫిన్ ఎనిమిదింటికి పెడితే ఆరింటి సాధనకు ఖాళీ కడుపుతోనే వచ్చి ఉంటుంది. రాత్రి ఏడున్నరకు తిన్న అన్నం తర్వాత పదిన్నర గంటలు ఏమీ లేదు. దానికి తోడు రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల మధ్య స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. మన రాష్ట్రం పరిస్థితి కూడా దాదాపు అంతే. అంటే మీ పదమూడు మందిలో ఏడెనిమిది మంది రక్తం తక్కువై ఆడుతూ ఉండవచ్చు. వారు పరుగులో వెనకబడితే బద్ధకమనుకుంటాం. రక్తంలో ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్ తక్కువైతే ఎంత పట్టుదల ఉన్నా కాళ్లు కదలవు.

అందరికీ హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో అయిపోతుంది. 12 గ్రాములకు తక్కువ ఉన్నవారిని డాక్టరుకు చూపించి, మందులు వాడుతున్నంత కాలం తేలికపాటి సాధన ఇవ్వండి, జట్టు నుంచి మాత్రం తీసేయకండి. ఐరన్ మాత్రలు కాఫీ, టీలతో వేసుకుంటే ఒంటికి పట్టవు, నిమ్మరసం తోడైతే బాగా పడతాయి. సాధనకు ముందు ఒక అరటిపండు, తర్వాత వేరుశనగ పప్పుల ఉండ, ఉడికించిన గుడ్డు. వేరుశనగ పండే జిల్లాలో ఉన్నాం, దీనికి పెద్ద ఖర్చు కాదు. ఈ ఖర్చు కోసం జెర్సీలు ఒక నెల ఆలస్యమైనా పర్వాలేదు. మానేసిన వారి ఇళ్లకు ఫోను చేసి, పరీక్షలు చేయించాం, తిండి పెడుతున్నాం, మంచినీళ్లు దగ్గరే ఉంటున్నాయి, ఎండ ఎక్కక ముందే ముగిస్తున్నాం అని చెప్పండి. కొందరైనా తిరిగొస్తారు. కిట్ బ్యాగులో శానిటరీ న్యాప్కిన్లు ఉంచండి. "ఈరోజు తేలికగా ఆడతాను మేడమ్" అని ఒక అమ్మాయి అంటే కారణం అడగకుండా ఒప్పుకోవడం మొదటి రోజు నుంచే అలవాటు చేయండి. నెలసరి రోజుల్లో చెప్పకుండా ఎగ్గొట్టి, ఆ మొహమాటంతోనే పూర్తిగా మానేసేవారు తగ్గుతారు.

మోకాళ్ల సంగతి కూడా. ఫుట్‌బాల్‌లో మోకాలి లోపలి లిగమెంటు తెగే ప్రమాదం మగవారికంటే ఆడవారికి ఎక్కువ. అంత గట్టి నేల మీద ఆడేటప్పుడు దీన్ని తేలికగా తీసుకోవద్దు. ఫిఫా 11 ప్లస్ అనే వార్మప్ మీరు వినే ఉంటారు. ఇరవై నిమిషాలు పడుతుంది, పరికరాలేమీ అక్కర్లేదు. నార్వేలో అమ్మాయిల జట్లతో చేసి 2008లో ప్రచురించిన అధ్యయనంలో దీన్ని క్రమం తప్పకుండా చేసిన జట్లలో గాయాలు దాదాపు మూడో వంతు తగ్గాయి. సమయం లేదని వార్మప్ కుదించే బదులు ఆట కుదించండి.

మైదానం గురించి అబ్బాయిల కాలేజీ వారిని మీరు స్వయంగా బతిమాలుకోవద్దు. వారానికి రెండు సాయంత్రాలు సగం మైదానం కావాలని ప్రిన్సిపాల్ నుంచి ప్రిన్సిపాల్‌కు ఉత్తరం వెళ్లాలి. గోల్ పోస్టులు మాత్రం వెంటనే కావాలి. ఇటుకల మధ్య ఆడే కీపరుకు తల మీదుగా వచ్చే బంతి ఎప్పటికీ అలవాటు కాదు. అసలు కొలత 7.32 మీటర్ల వెడల్పు, 2.44 మీటర్ల ఎత్తు. అంత పెద్దవి ఇప్పుడే కుదరకపోతే ఐదుగురేసి ఆడే ఫుట్‌సాల్ కొలత, 3 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల ఎత్తు, ఇనుప పైపులతో వెల్డింగ్ షాపులో చేయించవచ్చు. ఎత్తి పక్కన పెట్టుకునే రకమైతే ప్రతిసారీ నేలలో మేకులు దిగగొట్టి బిగించాల్సిందే. బిగించని గోల్ పోస్టు మీద పడి పిల్లలు ప్రాణాలు పోగొట్టుకున్న సంఘటనలు అనేక దేశాల్లో ఉన్నాయి.

సాధన వేళలకు అందరికీ సరిపోయే సమయం దొరకదు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకంతో అమ్మాయిలకు బస్సు చార్జీల భారం తప్పింది గానీ బస్సు వేళ మారలేదు. హాస్టల్ పిల్లలకు పొద్దున మూడు రోజులు, జట్టంతా కలిసి రెండు మధ్యాహ్నాలు చివరి పీరియడ్లలో అని టైమ్ టేబుల్‌లోనే రాయించుకోండి. ఇంటి నుంచి వచ్చే పిల్లలకు బంతి ఇచ్చి పంపండి, గోడకు తన్ని ఆపుకోవడం ఊళ్లోనైనా చేయవచ్చు. కబడ్డీ, ఖో ఖో పిల్లలు ఎక్కువమంది ఉన్నారని మీరు దిగులుగా రాశారు, నాకది లాభంగా కనిపించింది. కబడ్డీ ఆడిన అమ్మాయికి ఎదుటి మనిషి మీదికి వస్తే భయం ఉండదు, డిఫెన్స్‌లో నిలబెట్టండి. ఖో ఖోలో తిరిగిన కాళ్లు దిశ మార్చడంలో ఎవరికీ తీసిపోవు. బంతి తర్వాత నేర్పవచ్చు.

అడిగినవన్నీ ఒక పేజీలో రాసి ప్రిన్సిపాల్ గారికి ఇవ్వండి. మైదానం, పోస్టులు, బంతులు, తిండి, వేళలు, హాజరు, ప్రథమ చికిత్స. నోటిమాటగా కాకుండా రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. అమెరికాలో కాలేజీ అమ్మాయిల ఫుట్‌బాల్ ఎలా పెరిగిందో మీరు చదివే ఉంటారు. నార్త్ కరొలైనా విశ్వవిద్యాలయం 1979లో, అప్పటికే అబ్బాయిల జట్టుకు కోచ్‌గా ఉన్న ఆన్సన్ డోరెన్స్ చేతిలోనే అమ్మాయిల జట్టునూ పెట్టింది. అక్కడి కాలేజీ ఆటలను నడిపే సంఘం ఎన్‌సీఏఏ 1982లో మొదటిసారి జరిపిన మహిళల పోటీల్లో ఆ జట్టే గెలిచింది. ఆయన ప్రతిభ గొప్పదే. కానీ చదువుల్లో, కాలేజీ ఆటల్లో ఆడా మగా తేడా చూపకూడదన్న 1972 నాటి టైటిల్ నైన్ చట్టం అక్కడి విశ్వవిద్యాలయాల వెనక ఉంది. మీ వెనక అలాంటి చట్టం లేదు. అందుకే కాలేజీ నిర్ణయం కాగితం మీద ఉండాలి. జూన్‌లో మీరున్నా లేకపోయినా జట్టు కాలేజీదిగా మిగులుతుంది, మీ పొడిగింపు మాట వచ్చినప్పుడు చూపించడానికి మీ దగ్గరా ఒక ఆధారం ఉంటుంది.

స్టాఫ్ రూములో మాటన్న ఆ అధ్యాపకురాలితో వాదం పెట్టుకోకండి. ఆ మాట కొత్తది కాదు. ఇంగ్లాండులో 1920 డిసెంబరు 26న ఆడవారి ఫుట్‌బాల్ మ్యాచ్‌కు లివర్‌పూల్‌లో 53 వేల మంది వచ్చారు. మరుసటి ఏడాదే ఈ ఆట ఆడవారికి తగదంటూ అక్కడి ఫుట్‌బాల్ సంఘం తన పరిధిలోని మైదానాల్లో వారిని ఆడనివ్వకూడదని తీర్మానించింది. ఆ నిషేధం యాభై ఏళ్లు సాగింది. ఆడవారి ఒళ్లు అప్పుడూ ఇప్పుడూ అదే. వీలైతే ఆ మేడమ్ గారినే మీ స్నేహపూర్వక మ్యాచ్‌కు పిలిచి బంతి తన్ని ఆట ప్రారంభించమనండి. పడిపోయిన పిల్లను చూసి ఆమె కూడా భయపడి ఉండవచ్చు.

తండ్రి సంబంధం చూసిన ఆ అమ్మాయి దగ్గర మాత్రం నెమ్మదిగా అడుగు వేయండి. వెళ్లే ముందు ఆమెను ఒంటరిగా కూర్చోబెట్టి అడగండి: పెళ్లే వద్దంటోందా, ఇప్పుడు వద్దంటోందా, లేక పెళ్లికి ఇష్టమే కానీ చదువూ ఆటా ఆగిపోకూడదంటోందా? మీరు ఆ తండ్రితో ఏం మాట్లాడాలన్నది ఆమె చెప్పే జవాబుతోనే తేలుతుంది. వెళ్తే ఒంటరిగా వెళ్లకండి, ఆమెకు చదువు చెప్పే అధ్యాపకురాలు ఒకరు వెంట ఉండాలి. ఫుట్‌బాల్‌తో మాట మొదలుపెట్టకండి. డిగ్రీ పూర్తికావడానికి ఎన్ని సెమిస్టర్లు మిగిలాయో, ఆ తర్వాత ఏం చదవవచ్చో చెప్పండి. ఆట వల్ల వచ్చే అవకాశాలు కూడా చెప్పండి. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య భారత జట్టుకు ఆడుతోంది, క్రొయేషియా క్లబ్బు దాకా వెళ్లింది. సరిహద్దులు కాపలా కాసే సశస్త్ర సీమా బల్‌కు మహిళల ఫుట్‌బాల్ జట్టే ఉంది. ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడా కోటా ఉంది. అయితే ఉద్యోగం వస్తుందని మాత్రం మాట ఇవ్వకండి. రాకపోతే ఆ తండ్రి నమ్మకం పోవడమే కాక, ఆ ఊరి నుంచి మరో అమ్మాయి రాదు.

ఆయన ఒప్పుకోకపోతే? మీరు పట్టుబడితే కాలేజీ కూడా మానిపించవచ్చు. ఆ నష్టం మీకు కాదు, ఆ పిల్లకు. ఈ సీజన్ ఆట మానినా చదువు కొనసాగనివ్వమని అడగడం ఓటమి కాదు. ఏడాది తర్వాత ఆమె తిరిగి రావచ్చు, రాకపోనూవచ్చు. కానీ ఇష్టం లేని పెళ్లికి ఆమెను బలవంతం చేస్తున్నారని తేలితే విషయం ఆట పరిధి దాటిపోయినట్టే. ఆమె మేజరు. మహిళల హెల్ప్‌లైన్ 181 నంబరు ఆమె దగ్గర ఉండాలి, ప్రిన్సిపాల్ గారికి తెలియజేయాలి. అప్పుడు మీరు కోచ్‌గా కాక ఒక పెద్దమనిషిగా ఆమె పక్కన నిలబడాలి.

మీ ఇంటి సంగతికి వస్తాను. భర్త, అత్తగారు అడిగిన ప్రశ్న అన్యాయమైనదని నేననను. ఐదింటికి మీరు వెళ్తే బాబు లేచేసరికి ఆ ఇంట్లో ఎవరో ఒకరు మీ పని చేస్తున్నారు. దాన్ని గుర్తించి మాట్లాడితే ఆ సంభాషణ వేరేగా నడుస్తుంది. పొద్దుటి మూడు రోజుల్లో ఒక రోజు కెప్టెన్ చేత, హాస్టల్ వార్డెన్ సమక్షంలో, వార్మప్, పాసుల సాధన వరకే చేయించండి. వారంలో రెండు రోజులే పొద్దున వెళ్తాను, సెలవుల్లో ఉండదు, జూన్‌లో మళ్లీ కూర్చుని మాట్లాడుకుందాం అని ఇంట్లో ఒక గడువు చెప్పండి. బాబును ఒక ఆదివారం మైదానానికి తీసుకురమ్మని మీ ఆయనను పిలవండి. ఇవన్నీ చేశాక కూడా మోయలేనంత భారమనిపిస్తే ఈ ఏడాది వరకు నడిపి, పద్ధతులన్నీ రాసి పెట్టి, మరొకరికి అప్పగించి తప్పుకోవచ్చు. అలా తప్పుకున్నా ఆ అమ్మాయిలకు మీరు చేసింది ఎక్కడికీ పోదు. ఏమీ ఏర్పాటు చేయకుండా మధ్యలో వదిలేస్తే మాత్రం పదమూడు మందీ రెండు వారాల్లో చెదిరిపోతారు.

చివరగా ఆ ఇద్దరు అమ్మాయిల ప్రశ్న. నిబంధనలు ఒప్పుకుంటాయి. తలకు వస్త్రం కట్టుకుని ఆడటాన్ని అంతర్జాతీయ ఫుట్‌బాల్ నియమాల మండలి 2014లోనే అనుమతించింది. అది నలుపు రంగులో గానీ జెర్సీ ప్రధాన రంగులో గానీ ఉండాలి, జట్టులో కట్టుకునే వారందరికీ ఒకే రంగు ఉండాలి, జెర్సీకి కుట్టి ఉండకూడదు, ఎవరికీ గుచ్చుకునేలా ఉండకూడదు. పిన్నులు వద్దు, సాగే బట్టతో తల మీదుగా తొడుక్కునేది కుట్టించండి. నిక్కరు కింద పొడవాటి లెగ్గింగ్స్ వేసుకుంటామనే పిల్లలకూ అడ్డు లేదు, వాటి రంగు నిక్కరు రంగుతో కలవాలి. మానేసిన వారిలో దుస్తుల గురించి ఇంట్లో ఒప్పుకోనివారు కూడా ఉండి ఉంటారు. జెర్సీలకు ఆర్డరు ఇచ్చే ముందే ఈ మాట వారందరికీ చేరవేయండి, కొలతలు వారివి కూడా తీసుకోండి.